ఆటల పీరియడు: గీత అవతల నిలబడ్డ పిల్లలు

సూర్యాపేట నుంచి జనగామ పోయే తొవ్వ మీద తిరుమలగిరి ఉంటది. 2016 దాకా నల్లగొండ జిల్లా, ఆ తర్వాత సూర్యాపేట జిల్లా. ఆ చుట్టుపక్కల ఒక ఊరి ప్రాథమిక బడిలో ఒక సాయంత్రం ఆటల పీరియడు చూస్తూ కూచున్నాను. బడి పేరు ఇక్కడ అవసరం లేదు. ఇది ఆ ఒక్క బడి కథ కాదు గనుక.

ఐదో తరగతి పోరలు ఇద్దరు కెప్టెన్లయ్యారు. ఒక్కొక్కరినే పేరు పెట్టి తమ దిక్కు పిలుచుకుంటున్నారు. ముందు గట్టిగా ఉరికేటోళ్లను పిలిచారు. తర్వాత దోస్తులను, ఆ తర్వాత మిగిలినోళ్లను. ఆఖరుకు ముగ్గురు మిగిలారు. ఒక పిల్లకు కాళ్లు మోకాళ్ల దగ్గర లోపలికి వంగి ఉన్నాయి. ఒక పిలగానికి చెవులు సరిగా వినపడవు. మూడో పిల్లకు ఏమీ కాలేదు. గట్టిగా ఉంది, బాగా ఉరుకుతది కూడా. ఆ పిల్ల మాదిగ వాడ నుంచి వస్తది. "నీకు విజిల్ ఇనపడదు గద, ఆడ కూసో" అన్నాడు ఒక కెప్టెన్ పిలగానితో. "నువ్వు చెప్పులకాడ ఉండు" అన్నాడు రెండోవాడు మాదిగ పిల్లతో. వంగిన కాళ్ల పిల్లకు ఎవరూ ఏమీ చెప్పలేదు. ఆమె తనంతట తానే పోయి గోడకు ఆనుకొని నిలబడ్డది. ఎవరో చెప్పాల్సిన అవసరం ఎప్పుడో తీరిపోయింది.

సారు వరండాలో కూచొని రిజిస్టరు నింపుతున్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఒక్కడే రెండు మూడు తరగతులు నెట్టుకొస్తున్నాడు. ఆటల పీరియడంటే ఆయనకు కాస్త ఊపిరి తీసుకునే టైము. పిల్లలు వాళ్లంతట వాళ్లు ఆడుకుంటున్నారని ఆయన అనుకుంటున్నాడు. కానీ పిల్లలు వాళ్లంతట వాళ్లు ఆడుకోవడం లేదు. ఊరు వాళ్ల చేత ఆడిస్తున్నది. తరగతి గదిలో కనీసం పాఠ్యపుస్తకం అడ్డముంటది. అంటరానితనం నేరమని ఏదో ఒక పాఠం చెప్తది. గ్రౌండులో పుస్తకం లేదు, పంతులు లేడు, పరీక్ష లేదు. అందుకే ఊరు ఎట్లుంటదో అట్లనే వచ్చి గ్రౌండులో నిలబడుతది.

ఈ ముగ్గురు పిల్లలు ఒకే గీత అవతల ఎట్ల నిలబడ్డారు? ఈ ప్రశ్నను దళిత ఉద్యమం ఇప్పటిదాకా సరిగా అడగలేదు. వికలాంగుల గురించి మాట్లాడేవాళ్లు కులాన్ని అడగలేదు. "అందరినీ కలుపుకునే వ్యాయామ విద్య" అని కాగితాలు రాసే విద్యాశాఖ రెండింటినీ విడివిడి ఫైళ్లలో పెట్టుకున్నది. ఈ వ్యాసం ఆ మూడింటి మీద విమర్శ. అందులో మన మీద మనం చేసుకోవాల్సిన విమర్శ కూడా ఉంది.

కాగితం మీద ఉన్నది, నేల మీద లేనిది

చట్టాలకు కరువు లేదు. ఆడుకోవడం పిల్లల హక్కని చెప్పిన ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒప్పందానికి మన దేశం 1992లో ఒప్పుకున్నది. వికలాంగుల హక్కుల మీద 2006లో వచ్చిన ఒప్పందం ఇంకా స్పష్టంగా మాట్లాడింది. ఆట, వినోదం, క్రీడల్లో వికలాంగులైన పిల్లలకు మిగతా పిల్లలతో సమానంగా అవకాశం ఉండాలన్నది, అది బడిలో కూడా ఉండాలన్నది. మన దేశం దాన్ని 2007లో ఆమోదించింది. ఆ తర్వాత 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం 16వ సెక్షన్‌లో అదే మాట చెప్పింది. ప్రభుత్వ నిధులతో నడిచే బడి, ప్రభుత్వ గుర్తింపున్న బడి ఏదైనా సరే, వికలాంగ పిల్లలకు చదువుతో పాటు ఆటపాటల్లో సమాన అవకాశం ఇవ్వాలి.

మరి ఆ అవకాశం ఇచ్చే మనిషి ఎవరు? ఇక్కడికొచ్చేసరికి చట్టం నోరు మూసుకుంటది. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూల్ తీసి చూడండి. ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలంటది. ప్రతి తరగతికీ ఆటవస్తువులు ఇవ్వాలంటది. కానీ ఆరోగ్య, వ్యాయామ విద్యకు బోధకుడు ఎక్కడుండాలంటది? ఆరు నుంచి ఎనిమిది తరగతులకు, అదీ పిల్లల సంఖ్య 100 దాటితేనే, అదీ పార్ట్‌టైమ్. ఒకటి నుంచి ఐదు దాకా అసలు ఊసే లేదు. అంటే పిల్ల ఒళ్లు నిలబడడం, ఉరకడం, పక్కోళ్లతో కలవడం నేర్చుకునే ఆరేళ్ల నుంచి పదేళ్ల వయసులో ఆమెకు ఆట నేర్పే మనిషి అక్కరలేదని చట్టమే తీర్మానించింది.

నియామకాలు కూడా ఆ తీర్మానాన్నే పాటిస్తాయి. తెలంగాణ ప్రభుత్వం 2024 ఫిబ్రవరిలో 11,062 టీచరు పోస్టులకు డీఎస్సీ నోటిఫికేషన్ ఇచ్చింది. అందులో ఎస్‌జీటీలు 6,508. పీఈటీలు 182. ప్రత్యేక విద్య టీచర్లు, స్కూల్ అసిస్టెంట్లూ ఎస్‌జీటీలూ కలిపి 1,016. ప్రత్యేక విద్యకు పోస్టులు రావడం మంచిదే, చాలా ఏండ్ల కొట్లాట తర్వాత వచ్చాయి. కానీ ఆ టీచరు పని గది లోపలి చదువు చుట్టే తిరుగుతుంది. పీఈటీ పని హైస్కూలు టీముల చుట్టు తిరుగుతుంది. వినపడని పిలగాడు ఖోఖో ఎట్ల ఆడాలన్న ప్రశ్న ఇద్దరి మధ్యన జారి కింద పడుతది.

బడి బాగుచేసే పథకాల్లో కూడా ఇదే వరుస. 2022 మార్చిలో వనపర్తిలో 'మన ఊరు–మన బడి' మొదలుపెట్టారు. అందులో 12 అంశాలున్నాయి. మరుగుదొడ్లు, కరెంటు, తాగునీళ్లు, బెంచీలు, రంగులు, మరమ్మతులు, గ్రీన్ బోర్డులు, ప్రహరీ గోడలు, వంటషెడ్లు, కొత్త గదులు, హైస్కూళ్లలో భోజనశాలలు, డిజిటల్ సౌకర్యాలు. ఒక్కటి కూడా వద్దనలేం. కానీ ఈ పన్నెండింట్ల ఆటస్థలం లేదు. గోడ ఉంది, గోడ లోపలి నేల లేదు. అదే ఏడాది ఊరూరికీ 'క్రీడా ప్రాంగణాలు' అని వేరే పథకం వచ్చింది. అది బడి నుంచి విడిగా వచ్చింది. ఏ వాడకు దగ్గరగా జాగ దొరికింది, ఏ పిల్లలు అక్కడిదాకా భయం లేకుండా నడిచి పోగలరు అన్న లెక్కను ఆ పథకం అడగలేదు.

పనికొచ్చే ఒళ్లు, పనికిరాని ఒళ్లు

ఆ ముగ్గురి దగ్గరికి మళ్లీ వద్దాం. వంగిన కాళ్ల పిల్లను, వినపడని పిలగాన్ని ఎందుకు పక్కన పెట్టారో చెప్పడం సులువు. ఆటకు పనికిరారు అంటారు. మరి గట్టిగా ఉరికే మాదిగ పిల్లను ఎందుకు పక్కన పెట్టారు? ఆమె ఒళ్లు పనికి వస్తది గనుక. ఇక్కడ కాస్త ఆగి ఆలోచించాలి.

కుల సమాజం దళితుని ఒంటిని ఎన్నడూ బలహీనమైనదని అనలేదు. బలమైనదే అన్నది. మోయడానికి, తవ్వడానికి, ఊడ్వడానికి, చచ్చిన గొడ్డును లాగడానికి బలమైనది. ఆ బలం మీద హక్కు మాత్రం ఆ ఒంటిది కాదు, ఊరిది. ఆట అంటే ఏంది? తన బలాన్ని తన సంతోషం కోసం తాను వాడుకోవడం. ఎవరికీ లాభం లేని ఉరుకుడు ఉరకడం. సరిగ్గా అదే దళిత పిల్లకు దొరకని వస్తువు. "మీ పోరలకు ఆటలెందుకు, పొద్దుందాక పనే గద" అన్న మాట మన ఊర్లల్లో ఎవరు విననిది? బడిలో ఆ మాట ఇంకో రూపం తీసుకుంటది. గ్రౌండు ఊడ్చేది ఒకరు. సున్నంతో గీతలు గీసేది ఒకరు. బిందె మోసుకొచ్చేది ఒకరు. ఆడేది ఇంకొకరు.

హిందీ దళిత రచయిత ఓంప్రకాశ్ వాల్మీకి ఆత్మకథ 'జూఠన్' 1997లో వచ్చింది. ఉత్తరప్రదేశ్‌లో తాను చదివిన బడిలో హెడ్‌మాస్టరు తన చేతికి చీపురిచ్చి గదులు, వరండాలు, ఆ తర్వాత ఆటస్థలం ఊడిపించాడని ఆయన రాశాడు. మిగతా పిల్లలు గదిలో పాఠం వింటుంటే ఆ పసివాడు దుమ్ములో ఊడుస్తున్నాడు. ఆయన తండ్రి అటుగా వచ్చి చూసి, చీపురు లాగి పారేసి, హెడ్‌మాస్టరును నిలదీశాడు. దీన్ని మనం చదువు దక్కని కథగా చదువుకున్నాం. ఇంకో తీరుగా కూడా చదవాలి. అది ఆటస్థలం కథ కూడా. మిగతా పిల్లలకు ఆటస్థలమైన నేల ఆ పిలగానికి పనిస్థలమైంది.

అంటే గీత అవతల రెండు రకాల ఒళ్లున్నాయి. ఒకటి పనికిరాదని వెలి వేసిన ఒళ్లు. ఇంకొకటి పనికి మాత్రమే వస్తదని వెలి వేసిన ఒళ్లు. రెండింటికీ ఆట లేదు. రెండు వెలిలనూ కలిపి చూసేవరకు 'సమ్మిళిత విద్య' అన్న మాటకు మన నేల మీద అర్థం రాదు.

పైగా ఈ రెండు ఒళ్లు ఎప్పుడూ వేరువేరు ఇండ్లలో ఉండవు. 2011 జనగణన ప్రకారం దేశ జనాభాలో వికలాంగులు 2.21 శాతం. షెడ్యూల్డ్ కులాల్లో 2.45 శాతం. ఈ తేడా దేవుడు పెట్టింది కాదు. తిండి, నీళ్లు, కాన్పు, దవాఖాన, పని చేసేకాడ ప్రమాదం, ఇవి పెట్టినవి. పాత నల్లగొండ జిల్లాకు ఈ సంగతి వేరే చెప్పాల్సిన పని లేదు. మర్రిగూడ, మునుగోడు, చండూరు, నారాయణపూర్ దిక్కు ఫ్లోరైడ్ నీళ్లు తరాల ఎముకలను వంచాయి. మోకాళ్లు లోపలికి వంగే జబ్బు గురించి హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 1973లోనే రాశారు. ఎండలో పనిచేసే మనిషి ఎక్కువ నీళ్లు తాగుతాడు. నీళ్లలో ఫ్లోరైడ్ ఉంటే ఎక్కువ ఫ్లోరైడ్ తాగుతాడు. పాలు, మంచి తిండి లేని ఇంట్లో అది ఎముకను ఇంకా గట్టిగా పట్టుకుంటది. ఒకే బోరు నీళ్లు తాగినా అందరి ఎముకలూ ఒకే తీరుగా వంగవు. నీటి జబ్బులో కూడా కూలి ఉంది, కూలిలో కులం ఉంది.

ద్రోణుని పేరు మీద అవార్డు

ఏకలవ్యుని కథను మనం వెయ్యిసార్లు చెప్పుకున్నాం. చదువు దొంగిలించబడ్డ కథగా చెప్పుకున్నాం. కానీ ఆ చదువు ఏం చదువు? విలువిద్య. అంటే ఒంటి చదువు, నేటి మాటల్లో వ్యాయామ విద్య. కులం పేరుతో గురువు గ్రౌండులోకి రానియ్యలేదు. పిలగాడు అడవిలో తానే నేర్చుకున్నాడు. అర్జునుని మించిపోయాడు. అప్పుడు గురువు వచ్చి బొటనవేలు అడిగాడు. మొదట కులం వల్ల బయట నిలబడ్డవాడు, తర్వాత గురువు చేతుల మీదుగా వికలాంగుడయ్యాడు. కుల వెలి, వైకల్యం రెండూ ఒకే ఒంటి మీద, ఒకే గురువు వల్ల జరిగిన కథ ఇది. ఇన్నేండ్లు ఆ కథ చెప్పుకుంటూ రెండో సగాన్ని మనం ఎందుకు చూడలేదు? తెగిన వేలు మనకు అన్యాయానికి గుర్తయింది గానీ, ఆ వేలు లేని చేత్తో ఆ పిలగాడు తెల్లారి ఎట్ల బతికిండన్న ప్రశ్న కాలేదు.

దేశం ఏం చేసింది? 1961లో ఆటగాళ్లకు అర్జున అవార్డు పెట్టింది. 1985లో శిక్షకులకు ద్రోణాచార్య అవార్డు పెట్టింది. 1990ల చివర గిరిజన పిల్లల గురుకులాలకు ఏకలవ్య పేరు పెట్టింది. పేర్ల పంపకం చూడండి. గెలిచినవానికి అర్జునుడు, నేర్పినవానికి ద్రోణుడు, వెనుకబడ్డవాని బడికి ఏకలవ్యుడు. ఇది ఎవరో కుట్ర పన్ని చేసిన పని కాకపోవచ్చు. కానీ ఆలోచించకుండానే పేర్లు ఇంత కచ్చితంగా వాటి వాటి చోట్లలో పడ్డాయంటే, ఆ భావజాలం మన క్రీడా వ్యవస్థ నరాల్లో ఎంత లోతుగా ఉందో అర్థం చేసుకోవాలి. అవార్డు తీసుకునే శిక్షకులను నేను తప్పుపట్టడం లేదు. వాళ్లలో అట్టడుగు పిల్లలను పైకి తెచ్చినవాళ్లు ఉన్నారు. నా ప్రశ్న పేరు పెట్టిన రాజ్యానికి.

ఎంపిక వేరు, చేరిక వేరు

ఇక్కడ కొందరు మిత్రులు అడ్డుపడతారు. "మన పిల్లలు గెలుస్తలేరా? పూర్ణ ఎవరెస్టు ఎక్కలేదా? దీప్తి పారాలింపిక్స్‌లో మెడల్ తేలేదా?" అంటారు. తెచ్చారు. గర్వపడాలి, పడుతున్నాం. 2014 మే 25న సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివే గిరిజన పిల్ల మాలావత్ పూర్ణ, పద్నాలుగేండ్లు నిండకుండానే ఎవరెస్టు ఎక్కింది. ఆమెతో పాటు ఖమ్మం జిల్లాకు చెందిన దళిత విద్యార్థి ఆనంద్ కుమార్ ఎక్కాడు. వరంగల్ జిల్లా పర్వతగిరి మండలం కల్లెడకు చెందిన జీవాంజి దీప్తి, కూలి చేసుకునే ఇంటి బిడ్డ, మేధోపరమైన వైకల్యంతో పుట్టింది. ఊర్లో తమను ఎంత ఎగతాళి చేశారో ఆ కుటుంబమే చెప్పింది. ఆ పిల్ల 2024 మేలో జపాన్‌లోని కోబెలో 400 మీటర్లను 55.07 సెకన్లలో ఉరికి తన విభాగంలో ప్రపంచ రికార్డు పెట్టింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో పారిస్‌లో కాంస్యం తెచ్చింది.

ఈ విజయాలు ఒక అబద్ధాన్ని పగలగొట్టాయి. మన ఒళ్లు దేనికీ తక్కువ కాదని చూపాయి. కానీ అవి ఇంకో అబద్ధాన్ని పుట్టించకుండా చూసుకోవాలి. 'ప్రతిభ ఉంటే ఎవరైనా పైకి వస్తారు' అన్నదే ఆ అబద్ధం. దీప్తి ఉరుకుడు బడిలో ఒక వ్యాయామ టీచరు కంట పడ్డది. ఆ టీచరు లేని బడిలో అట్లాంటి పిల్ల ఏమయ్యేది? గోడకు ఆనుకొని నిలబడేది. గురుకులం ఐదో తరగతి నుంచి మొదలవుతది, అదీ ప్రవేశ పరీక్ష రాసి సీటు వస్తేనే. సీటు రాని పిల్ల, ఐదేండ్లు నిండని పిల్ల, ఉరకనే ఉరకలేని పిల్ల సంగతేంది?

ఎంపిక అంటే వందమందిలో ఒకరిని తీసుకోవడం. చేరిక అంటే తొంభైతొమ్మిది మందిని వదలకపోవడం. మన క్రీడా వ్యవస్థ మొత్తం ఎంపిక మీద నిలబడింది. మండలం, జిల్లా, జోన్, రాష్ట్రం అని మెట్టుమెట్టుకూ వడపోతే. ఆ వడపోతే పసిపిల్లల ఆటల పీరియడులోకి దిగి, ఇద్దరు కెప్టెన్లు పేర్లు పిలిచే పద్ధతి అయి కూచుంది. ఉరకలేని పిల్లకు కూడా ఉరికే పిల్లకు ఉన్నంత ఆట హక్కు ఉందన్నది చేరిక. ఆ పిల్ల రేపు మెడల్ తేదు. తేవాల్సిన అవసరం లేదు. మెడల్ తెచ్చి తన విలువ రుజువు చేసుకోవాలని మనం ఏ అగ్రకుల పిల్లనూ అడగడం లేదు గద.

మన నినాదాల్లో ఉన్నది

ఇక మన దిక్కు చూసుకుందాం. 2015 చివర ప్రధానమంత్రి వికలాంగులను 'దివ్యాంగులు' అనాలన్నాడు. 2016 నుంచి అది ప్రభుత్వ శాఖ పేరులోకి ఎక్కింది. ఆ మాట విన్నప్పుడు దళితులకు ఒక పాత మాట గుర్తు రావాలి: 'హరిజన'. ఒకరు దేవుని మనుషులు, ఇంకొకరు దేవుని ఒళ్లున్నవాళ్లు. పేరు పైనుంచి ఇస్తారు. హక్కు అడిగినప్పుడు పేరు చూపిస్తారు. అంబేద్కర్ దారిలో నడిచినవాళ్లం 'హరిజన'ను తిప్పికొట్టినవాళ్లం, 'దివ్యాంగ' మీద ఎంతమందిమి మాట్లాడాం?

మాట్లాడకపోగా, మన ఉపన్యాసాలు వినండి. గుడ్డి ప్రభుత్వం, చెవిటి సర్కారు, కుంటి సాకులు. నేనూ అన్నాను, రాశాను. ఒక సభలో అట్లా మాట్లాడి కిందికి దిగినప్పుడు ముందు వరుసలో చూపు లేని ఒక మిత్రుడు చప్పట్లు కొట్టకుండా కూచొని ఉన్నాడు. "అన్నా, ప్రభుత్వానికి చూపుంది, చూడాలనే లేదు. నన్నెందుకు అందులో కలుపుతవు?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. కులం పేరును తిట్టుగా వాడితే ఒప్పుకోని మనం, ఒంటి స్థితిని తిట్టుగా వాడడం ఎట్ల ఒప్పుకుంటాం?

తెలంగాణలో ఈ రెండు పోరాటాలు కలిసిన చరిత్ర లేకపోలేదు. 1994లో ఈదుమూడిలో పుట్టిన మాదిగ దండోరాకు నాయకత్వం వహించిన మందకృష్ణ మాదిగే తర్వాత వికలాంగుల హక్కుల పోరాట సమితిని నిలబెట్టాడు. పింఛన్ల కోసం జరిగిన ఆ కొట్లాట వేల ఇండ్లకు అన్నం పెట్టింది. పేర్చిన కులాల మెట్ల అడుగున ఉన్నవానికి, మెట్లే ఎక్కలేనివాని బాధ అర్థమైందని ఆ కలయిక చెప్పింది. కానీ పోరాటం ఎక్కువగా పెద్దల బతుకు చుట్టూ, పింఛను చుట్టూ తిరిగింది. ఆరేండ్ల పిల్ల ఆటల పీరియడు ఏ డిమాండ్ల పత్రంలోనూ పై వరుసలోకి రాలేదు. 'పిల్లలాటలు' అని మనం కూడా చిన్నచూపు చూశాం.

ముట్టుకునే ఆట

చిన్నచూపు చూడాల్సిన సంగతి కాదిది. మన ఆటల్లో ఎక్కువ భాగం ముట్టుకునే ఆటలు. కబడ్డీ ముట్టుకుంటేనే ఆట. ఖోఖోలో వీపు మీద చెయ్యి పడితేనే లేవాలి. అంటరానితనం పునాదిగా ఉన్న సమాజంలో ముట్టుకోవడమే నియమంగా ఉన్న ఆట ఒక చిన్న తిరుగుబాటు. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకోవడం, ఒకరి మీద ఒకరు పడడం, ఒకే బిందె నీళ్లు తాగడం. 1991లో చుండూరులో సినిమా హాలులో ఒక దళిత యువకుని కాలు అగ్రకులస్థునికి తగిలిందన్న దగ్గర మొదలైన గొడవ, ఆగస్టు 6న 8 మంది దళితుల హత్య దాకా పోయింది. కాలు తగిలినందుకు మనుషులను చంపగలిగే సమాజంలో, కాలు తగిలితే నవ్వి లేచి దుమ్ము దులుపుకునే అలవాటు ఎక్కడ నేర్పాలి? ఆరేండ్లప్పుడు, గ్రౌండులో నేర్పాలి. ఇంకెక్కడా కుదరదు.

అందుకే ఆటల పీరియడును పిల్లలకు వదిలేసి రిజిస్టరు రాసుకోవడం తటస్థంగా ఉండడం కాదు. ఊరి పక్షాన ఉండడం. అట్లనే డిసెంబర్ 3 రాగానే ప్రత్యేక అవసరాల పిల్లలను మండల కేంద్రానికి తీసుకపోయి, కుర్చీలాట ఆడించి, స్టీలు గిన్నెలిచ్చి పంపడం చేరిక కాదు. అది ఏడాదికొక రోజు వేరుగా పెట్టే పండుగ. మనకు వేరు గ్లాసు తెలుసు. వేరు ఆట కూడా అదే జాతిది.

ఏం చేయాలె

డబ్బుల కోసం ఆగాల్సిన పని లేనివి ముందు చెప్తాను. వికలాంగ పిల్లలకు ఆట నేర్పే పద్ధతి లోకంలో ఎప్పుడో తయారైంది. దాన్ని నాలుగు మాటల్లో చెప్పవచ్చు: జాగ మార్చు, పని మార్చు, సామాను మార్చు, మనుషుల జత మార్చు. పిల్లను మార్చమని ఎక్కడా లేదు. ఆటనే మార్చాలి.

వంగిన కాళ్ల పిల్లకు ఖోఖోలో దూరం తగ్గించండి, లేదా ఆమెకు జోడీగా ఒకరిని పెట్టండి. ఆమె ముట్టడం, జోడీ ఉరకడం. చూపు లేని పిల్లకు బంతికి గజ్జెలు కట్టండి, లేదంటే బంతిని చప్పుడు చేసే ప్లాస్టిక్ కవరులో చుట్టండి. మిగతా పిల్లలకు కూడా కండ్లకు గంతలు కట్టి అదే ఆట ఆడించండి. గజ్జెల బంతి ఆటలో ఎవరు గట్టివాళ్లో అప్పుడు తెలుస్తది. వినపడని పిలగాని కోసం విజిల్‌తో పాటు రంగు గుడ్డ ఊపండి. రెండూ అందరికీ పనికొస్తాయి. కెప్టెన్లు పేర్లు పిలిచే పద్ధతి ఈ రోజే మానేయండి. చీటీలు వేయండి, లేదా ఒకటి రెండు లెక్కపెట్టి జట్లు చేయండి. గ్రౌండు ఊడ్చుడు, గీతలు గీసుడు, నీళ్లు తెచ్చుడు వంతుల పట్టిక రాసి గోడకు అంటించండి. హాజరు పట్టీలో ఉన్న ప్రతి పేరు ఆ పట్టికలో ఉండాలె, కెప్టెన్ పేరుతో సహా.

ఇంకో మాట. డ్రిల్లుకు బ్యాండే ఎందుకు, డప్పు ఎందుకు కాదు? డప్పు దెబ్బ చెవులకే కాదు, రొమ్ముకు తగులుతది, అరికాలికి తగులుతది. వినపడని పిలగాడు డప్పు మీద చెయ్యి పెట్టి దరువు పట్టుకోగలడు. కానీ ఇక్కడ జాగ్రత్త కావాలె. డప్పు తెచ్చి మళ్లీ మాదిగ పిలగాని చేతికే ఇచ్చి, మిగతావాళ్లు అడుగులేస్తే, మనం ఊరి పద్ధతినే బడిలో నాటినవాళ్లమవుతాం. డప్పు వంతుల మీద అందరి మెడలో పడాలె. అగ్రకుల పిలగాడు డప్పు కొట్టిననాడు, మాదిగ పిల్ల ఆ దరువుకు హాయిగా ఉరికిననాడు ఆటల పీరియడు తన పని చేసినట్టు.

ప్రభుత్వాన్ని అడగాల్సినవి వేరే ఉన్నాయి. ఒకటి నుంచి ఐదు తరగతులకు, బడికొకరు కాకపోయినా, కాంప్లెక్సుకొకరైనా వ్యాయామ టీచరు. ఆ టీచరు శిక్షణలో వికలాంగ పిల్లలతో, కులంతో ఎట్ల వ్యవహరించాలో తప్పనిసరి పాఠం. మండలాల్లో ఇప్పటికే ఉన్న భవిత కేంద్రాల రిసోర్స్ పర్సన్ గదిలోనే కాకుండా వారానికి ఒక పీరియడు బడి గ్రౌండులో ఉండడం. ఎస్‌జీటీ శిక్షణలో ఆట మార్చే పద్ధతులు చేతులతో చేసి చూపడం. చెక్కబల్ల, సిమెంటు బాట, నీడ ఉన్న ఆటస్థలాన్ని బడి వసతుల పట్టీలో చేర్చడం.

తిరుమలగిరికి ఇది అడిగే హక్కు మిగతావాళ్ల కంటే కాస్త ఎక్కువే ఉంది. 2021లో దళితబంధును ప్రయోగాత్మకంగా అమలు చేయడానికి ఎంచుకున్న 4 మండలాల్లో చింతకాని, చారగొండ, నిజాంసాగర్‌తో పాటు తిరుమలగిరి ఒకటి. కుటుంబానికి 10 లక్షలు అన్నారు. బండ్లు, ట్రాక్టర్లు, దుకాణాల గురించి లెక్కలు వేశారు. ఆ పథకం మంచిచెడ్డల మీద వేరే చర్చ చేయాలె. కానీ ఒక సంగతి దాని రూపంలోనే ఉంది. అది దళితుణ్ణి మళ్లీ సంపాదించే ఒంటిగానే చూసింది. ఆడుకునే పిల్లగా చూడలేదు. సంపాదించలేని ఒంటికి ఆ లెక్కలో చోటు ఇంకా కష్టం. ఇంటికి పది లక్షల పథకానికి ప్రయోగశాల అయిన మండలం, పిల్లకు వారానికి మూడు పీరియడ్ల ఆట దొరికే పథకానికి ప్రయోగశాల ఎందుకు కాకూడదు?

ఈ చర్చ ఇక్కడితో ముగించడం నా ఉద్దేశం కాదు. టీచర్లుగా పనిచేస్తున్న మిత్రులు తమ బడిలో వచ్చే వారం ఆటల పీరియడును ఒక్కసారి నిలబడి చూడాలని కోరుతున్నాను. ఎవరు ఆఖరుకు మిగులుతున్నారో రాసుకోండి. వాళ్ల వాడ రాసుకోండి, వాళ్ల ఒంటి సంగతి రాసుకోండి. రెండు నెలలు రాస్తే మీ బడి కుల చిత్రం మీ చేతిలో ఉంటది. విద్యార్థి సంఘాలు దాన్ని డిమాండ్ల పత్రంలోకి తేవాలె. నా వాదనలో తప్పులుంటే రాయండి, ముఖ్యంగా వికలాంగ దళిత మిత్రులు రాయాలె. నేను చూసింది గీత ఇవతల నిలబడి చూసింది. అవతల నుంచి చూసినవాళ్ల మాట వేరే ఉంటది.

ఆ సాయంత్రం బెల్లు కొట్టేముందు ఒక చిన్న పని జరిగింది. బంతి గోడ దాకా దొర్లొచ్చింది. వంగిన కాళ్ల పిల్ల దాన్ని పట్టుకొని, వెంటనే తిరిగి ఇయ్యకుండా, పక్కనున్న వినపడని పిలగానికి విసిరింది. వాడు చెప్పులకాడ కూచున్న పిల్లకు విసిరాడు. "అరే, బాల్ ఇయ్యుండ్రి!" అని గ్రౌండంతా అరుస్తున్నది. ముగ్గురూ ఇంకో రెండుసార్లు విసురుకున్నాకే ఇచ్చారు. వాళ్లకు ఆట రాదని చెప్పింది ఎవరు?